ఓదార్చేవాళ్ళే ఒరిగిపోతే?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం, వెలిమెల, కొల్లూరు, సంగారెడ్డి. ఈ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో, సఖి, భరోసా కేంద్రాల్లో, కాలేజీల్లో, కంపెనీల్లో, హెల్ప్‌లైన్లలో కౌన్సెలర్లుగా పనిచేస్తున్నవారికీ, వారిని పనిలో పెట్టుకున్నవారికీ ఇది హెచ్చరిక. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరి ఏడుపు విని, విన్నదాన్ని దించుకునే చోటు లేక ఇంటికి మోసుకుపోతున్న మనిషి ఎక్కువకాలం నిలవలేరు. వారు కూలితే నష్టం వారొక్కరికే కాదు, రేపు వారి ఎదుట వచ్చి కూర్చునేవారికి కూడా. చచ్చిపోవాలన్న ఆలోచనతో వచ్చిన మనిషి ఆ సంగతి సూటిగా చెప్పడు. వేరే మాటల మధ్య ఎక్కడో ఒకచోట దొర్లిస్తాడు. అలసిపోయిన చెవికి ఆ ఒక్క మాటే వినపడకుండా పోతుంది.

‘మీ ఆరోగ్యం మీరే చూసుకోవాలి మేడం’ అనే సలహాతో ఈ ముప్పు తీరదు. ఈ పారిశ్రామికవాడలో బతుకుతున్నవారికి సేఫ్టీ అనే మాట కొత్త కాదు. దుమ్ము లేచే చోట మాస్కు, మోత ఉన్నచోట చెవులకు రక్షణ, ప్రమాదకర రసాయనాల దగ్గర పనిచేసేవారికి ఎప్పటికప్పుడు వైద్య పరీక్షలు యాజమాన్యం బాధ్యత. ఆ బాధ్యత మరిచినచోట ఏమవుతుందో ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరుల దుఃఖం మధ్య రోజూ పనిచేసేవారికి కూడా అలాంటి రక్షణే ఉండాలి. అది వారిని పనిలో పెట్టుకున్నవారి బాధ్యత కావాలి. మా వాదన మొత్తం ఇదే.

పాశమైలారం తర్వాత

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. మందుబిళ్ళల తయారీలో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి చేసే కర్మాగారం అది. 54 మంది పోయారు. 46 మంది దేహాలను గుర్తించారు. ఆనవాలు దొరకని 8 మందిని కూడా చివరికి మృతుల్లోనే లెక్కించారు. చనిపోయినవారిలో ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. కన్నవాళ్ళు కూడా గుర్తుపట్టలేని స్థితిలో దేహాలుంటే డీఎన్‌ఏ పరీక్షల మీద ఆధారపడాల్సి వచ్చింది. భాష రాని ఊళ్ళో రక్త నమూనా ఇచ్చి, ఆస్పత్రి దగ్గరా ఫ్యాక్టరీ గేటు దగ్గరా ఆ కుటుంబాలు రోజుల తరబడి పడిగాపులు కాశాయి.

దేహం దొరికిన ఇంట్లో ఏడుపుకు ఒక మొదలుంటుంది. దేహం దొరకని ఇంట్లో అదీ ఉండదు. ‘ఎక్కడో ఉండి ఉంటాడు, ఏ ఆస్పత్రిలోనో స్పృహ లేకుండా పడి ఉంటాడు’ అనే ఆశ వదలదు. అమెరికాకు చెందిన పరిశోధకురాలు పాలిన్ బాస్ దీన్ని తేలని నష్టంగా గుర్తించి, మామూలు చావు దుఃఖం కంటే ఇది ఎందుకు ఎక్కువగా పీడిస్తుందో దశాబ్దాల పాటు రాశారు. అలాంటి కుటుంబం ముందు కూర్చున్న మనిషి ఆశ పెట్టకూడదు, ఉన్న ఆశను తుంచనూకూడదు. కౌన్సెలింగ్‌లో ఇంతకంటే బరువైన పని తక్కువ.

ప్రమాదం జరిగినప్పుడు మృతుల లెక్క రాస్తాం, క్షతగాత్రుల లెక్క రాస్తాం, పరిహారం లెక్క అడుగుతాం. ఆ కుటుంబాల పక్కన కూర్చున్నవారు, నర్సులు, మార్చురీ సిబ్బంది, కానిస్టేబుళ్ళు, హిందీ నుంచి తెలుగులోకి మాట దాటించినవారు, ఓదార్చిన కౌన్సెలర్లు, ఆ తర్వాత ఎలా ఉన్నారని అడిగే అలవాటు మనకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో సాయం చేసేవారి బాగోగుల గురించి ఒక అధ్యాయమే ఉంది. పేలుళ్ళు కొత్తకాని ఈ ప్రాంతంలో ఆ అధ్యాయాన్ని ఇకనైనా తెరవాలి.

వెలిమెల చుట్టూ ఎన్ని రకాల బరువులు

పెద్ద ప్రమాదం ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. రోజువారీ బరువు వేరే ఉంది. వెలిమెల చుట్టూ చూస్తే అది ఎన్ని దిక్కుల నుంచి వస్తుందో తెలుస్తుంది. ఒక పక్క పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు చేసే వలస కుటుంబాలు, ఇరుకు గదులు, ఊళ్ళో వదిలి వచ్చిన పిల్లలు. ఇంకో పక్క తెల్లాపూర్, నల్లగండ్ల వైపు లేచిన ఆకాశహర్మ్యాలు, వాటి ఇఎంఐలు, ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందోనన్న దిగులు. పక్కనే కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళ కాలనీ. ఇల్లు దక్కింది, పాత బస్తీలోని ఇరుగుపొరుగు, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న కూలిపని పోయాయి. భూముల ధరలు ఎకరాల్లోంచి గజాల్లోకి మారాక అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్ళు కూడా ఈ ఊళ్ళలో తక్కువేం కావు.

వీటికి తోడు కల్లు. అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడిన ఒంటికి అది హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలు చూశాయి. దాడులతో సరఫరా ఆగగానే మూర్ఛలతో, పిచ్చి చూపులతో వందలమంది ఆస్పత్రులకు చేరారు. ఈ అలవాటు మాన్పించడం ఒక్క రోజు పని కాదు. మానినవాడు మళ్ళీ తాగి వస్తాడు. వాడి భార్య ఒంటి మీద దెబ్బలతో వస్తుంది. ఇద్దరి మాటా వినేది ఒకే కౌన్సెలర్.

పరీక్షల కాలం ఇంకో బరువు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫలితాల రోజంటేనే కౌన్సెలర్లకు గుండె దడ. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ పేరుతో కౌన్సెలింగ్ విభాగం ఉంది. అలాంటి ఏర్పాటు అన్ని కాలేజీల్లోనూ లేదు. ఉన్నచోట కూడా వందల మంది పిల్లలకు ఒకరిద్దరే దిక్కు.

బరువు ఇలా ఒకరిద్దరి మీదే పడటానికి కారణం తెలిసిందే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివారే. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు, అంటే 14416 నంబరుకు, ఇప్పటికే 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. జనం అడగడం మొదలుపెట్టడం మంచిదే. ప్రతి కాల్ అవతలా ఒక మనిషి చెవి ఉందని, దానికీ ఒక హద్దు ఉందని మరిచిపోవడమే ప్రమాదం.

నోరు విప్పే వీల్లేని ఉద్యోగం

‘మీకేం మేడం, ఫ్యాను కింద కూర్చుని మాట్లాడటమే కదా’ అనే మాట ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ విన్నదే. మిగతా ఉద్యోగాల్లో అలసట ఇంటికి వెళ్ళి చెప్పుకుంటే సగం తీరుతుంది. ఇక్కడ చెప్పుకోవడానికి లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలను రహస్యంగా ఉంచాలంటుంది. పోక్సో చట్టం బాధిత బిడ్డ ఎవరో బయటపడకూడదంటుంది. ఈ రెండూ న్యాయమైనవే, ఉండాల్సినవే. కానీ ‘ఈరోజు ఏమైంది, అలా ఉన్నావేం’ అని భర్త అడిగితే ‘ఏం లేదు, తలనొప్పి’ అనడం తప్ప కౌన్సెలర్‌కు మార్గం లేదు. ఎనిమిదేళ్ళ పాప చెప్పిన సంగతి మధ్యాహ్నం విని, సాయంత్రం సొంత బిడ్డకు అన్నం కలిపి పెట్టే తల్లికి ఆ సంగతి ఎక్కడ దించుకోవాలో చట్టం చెప్పదు. చెప్పాల్సింది సంస్థ. చాలా సంస్థలు చెప్పడం లేదు.

దీనికి తోడు బతుకు భద్రత లేదు. హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రాల కౌన్సెలర్ల నుంచి సఖి కేంద్రాల సిబ్బంది దాకా చాలామందిది కాంట్రాక్టు కొలువో, ఔట్‌సోర్సింగో. పనిని కొలిచేది రిజిస్టర్‌లో ఎన్ని పేర్లు ఎక్కాయన్న లెక్కతో. ఒక్క మనిషితో గంటన్నర కూర్చుని ఆమెను రైలు పట్టాల మీదికి పోకుండా ఆపిన రోజు రిజిస్టర్‌లో ‘1’ అనే అంకె మాత్రమే మిగులుతుంది.

ముప్పును గుర్తుపట్టడం ఎలా

బర్నవుట్ అనే మాటను ఈ అర్థంలో 1974లో పరిశోధన పత్రికలోకి తెచ్చినవాడు న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయ్‌డెన్‌బర్గర్. ఉచిత క్లినిక్‌లో అందరికంటే ఎక్కువ అంకితభావంతో పనిచేసినవారే ముందు కూలిపోవడం ఆయన గమనించాడు. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసి మూడు ముఖాలు చూపించారు: మనసు పూర్తిగా ఉడిగిపోవడం, ఎదుటి మనిషి కేసు నంబరులా కనిపించడం, నేను చేసేదానివల్ల ఏమీ కావడం లేదన్న నిస్పృహ. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాక పనిచోటు నుంచి పుట్టే స్థితిగా నమోదు చేసింది. పుట్టుక పనిచోట అయితే మందు కూడా పనిచోటే వెతకాలి.

దీనికి తోబుట్టువు లాంటి ఇంకో ముప్పు ఉంది. బర్నవుట్ నెలల తరబడి మెల్లగా పేరుకుంటుంది. పరాయి గాయం సొంత గాయమైపోవడానికి ఒక్కోసారి ఒక్క కేసే చాలు. దీన్ని 1990లో పరిశోధకులు మెకాన్, పెర్ల్‌మన్ వివరించారు. 1995లో ఫిగ్లీ దీని మీద పుస్తకమే తెచ్చారు. కౌన్సెలర్‌కు తాను చూడని దృశ్యం కలలో కనిపిస్తుంది. ఇంటి తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటుంది. బడి ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే కాళ్ళు చల్లబడతాయి. బంధువుల్లో ప్రతి మగవాణ్ణీ అనుమానంగా చూస్తుంది.

ఇక బర్నవుట్ గుర్తులు ఇంత నాటకీయంగా ఉండవు. అపాయింట్‌మెంట్ ఉన్న మనిషి రాలేదని తెలిస్తే హమ్మయ్య అనిపిస్తుంది. ఎదుటివారు ఏడుస్తుంటే కళ్ళు గోడ గడియారం మీదికి పోతాయి. అందరికీ అవే నాలుగు మాటలు చెబుతున్నానని తెలిసినా ఐదో మాట రాదు. పోయిన వారం ఎవరు ఏం చెప్పారో కలిసిపోతుంది. కేసు షీట్‌లో పాత వాక్యమే దిగుతుంది. ‘ఈమె మారదు’ అన్న తీర్పు ఆమె కూర్చోకముందే సిద్ధమవుతుంది. ఇంకో రకం కూడా ఉంది, చూడటానికి గొప్పగా ఉంటుంది: సొంత ఫోన్ నంబరు అందరికీ ఇవ్వడం, రాత్రి పన్నెండుకూ కాల్ ఎత్తడం, నేను లేకపోతే వీళ్ళకు దిక్కులేదనుకోవడం. సంస్థలు ఇలాంటివారికి శాలువా కప్పుతాయి. కప్పకముందు ఒకసారి వాళ్ళ నిద్ర గురించి అడగండి.

యోగా దినంతో సరిపెట్టకండి

ఏడాదికోసారి హాలులో చాపలు పరిచి ఊపిరి పీల్చమని చెప్పి, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం చదవడమే. ధ్యానం, నడక, నిద్ర మంచివే, ఎవరూ కాదనరు. కానీ 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిచోటు మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాలు పని తీరును మార్చడం, పై అధికారులకు శిక్షణ ఇవ్వడం కూడా చేయాలని స్పష్టంగా చెప్పాయి. ఘోరం జరిగిన మర్నాడే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ‘ఏం చూశారో అంతా చెప్పండి’ అని ఒక్క విడతలో కక్కించే పద్ధతి మేలు చేయదని కూడా పరిశోధనల్లో తేలింది. చెప్పాలనుకున్నవారికి చెవి ఉండాలి, వద్దనుకున్నవారిని వదిలేయాలి. సెలవు, తిండి, నిద్ర, తోడు ముందు చూడాలి.

జిల్లా యంత్రాంగాన్నీ, ఆస్పత్రులనూ, కాలేజీలనూ, కంపెనీలనూ, స్వచ్ఛంద సంస్థలనూ మేము అడిగేవి ఇవి.

ఒకటి, సూపర్‌విజన్. అంటే తనిఖీ కాదు. అనుభవం ఉన్న మరో కౌన్సెలర్ దగ్గర, పేర్లు చెప్పకుండా, తన కేసుల గురించి తాను మాట్లాడుకునే సమయం. రహస్యం చెడకుండా బరువు దిగే సరైన చోటు ఇదే. బ్రిటన్‌లో బీఏసీపీ అనే కౌన్సెలర్ల సంఘం పనిలో ఉన్న ప్రతి సభ్యుడికీ నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలని నియమం పెట్టింది. జీతం, రెన్యూవల్ చేతిలో ఉన్న అధికారి ఈ పనికి పనికిరాడు. అతని ముందు ఎవరూ ‘నా వల్ల కావడం లేదు’ అనలేరు.

రెండు, కేసులకు హద్దు. సంఖ్యతో పాటు రకం కూడా చూడాలి. ఒక పోక్సో కేసు విన్న వెంటనే ఇంకో పోక్సో కేసును అదే మనిషి ముందు కూర్చోబెట్టకూడదు. బరువైన కేసు తర్వాత పది నిమిషాల విరామం రోస్టర్‌లోనే రాయాలి. అడిగి తీసుకునే దయగా ఉంచకూడదు.

మూడు, కౌన్సెలింగ్‌కు వస్తున్న మనిషి ఆత్మహత్య చేసుకున్న రోజు. ఆ రోజు సంస్థ మొదట పంపేది సంజాయిషీ నోటీసు అయితే ఆ కౌన్సెలర్ మరి కోలుకోరు. ముందు ఒక మనిషి వెళ్ళి పక్కన కూర్చోవాలి. మిగతా అపాయింట్‌మెంట్లు ఇంకొకరు చూడాలి. రికార్డుల సమీక్ష తర్వాత జరగాలి, అది కూడా నేర్చుకోవడానికి, నింద వేయడానికి కాదు.

నాలుగు, భాష. హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే కార్మికుల కోసం తోటి కూలీనో, పదేళ్ళ కొడుకునో దుబాసీగా నిలబెట్టడం మానాలి. వాడు ఆ బాధను రెండుసార్లు మోస్తాడు, ఒకసారి వింటూ, ఒకసారి చెబుతూ. టెలీ మానస్ 20 భాషల్లో పనిచేస్తోంది, దాన్ని వాడుకోవాలి.

ఐదు, ప్రమాద ప్రణాళిక. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల కింద ఫ్యాక్టరీ గోడ అవతలికి పాకే ప్రమాదాలకు జిల్లా స్థాయిలో ప్రణాళిక ఉండాలి. అంబులెన్సులు, ఫైరింజన్లు, ఖాళీ చేయించే దారులతో పాటు, కుటుంబాల పక్కన ఎవరు కూర్చుంటారు, వాళ్ళకు ఎన్ని గంటలకోసారి డ్యూటీ మార్పు, ఆ తర్వాత వాళ్ళను ఎవరు చూస్తారు అన్న మూడు ప్రశ్నలకు సంగారెడ్డి జిల్లా ప్రణాళికలో జవాబు రాయాలి.

ఆరు, జీతం. నెల నెలా, ఆలస్యం లేకుండా. తలుపు వేసుకోవడానికి వీలున్న ఒక గది. ఒంటరిగా ఇళ్ళకు వెళ్ళాల్సి వస్తే తోడు. ఇవి లేకుండా మిగతా ఐదూ కాగితం మీదే ఉంటాయి.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కౌన్సెలర్లనూ సోషల్ వర్కర్లనూ గుర్తింపు పొందిన వృత్తుల్లో చేర్చింది, రాష్ట్ర స్థాయి మండళ్ళకూ, వృత్తి రిజిస్టర్లకూ దారి వేసింది. రిజిస్టర్‌లో పేరు ఎక్కించడంతో ఆగకుండా, నెలవారీ సూపర్‌విజన్‌ను వృత్తి ప్రమాణంగా రాష్ట్రంలో నిర్ణయించాలి.

కౌన్సెలర్లకు ఒక మాట

సంస్థ మారేదాకా ఆగకండి. ఈ వారమే మీలాంటి పని చేసే ఇద్దరు ముగ్గురితో కలిసి పదిహేను రోజులకోసారి కూర్చునే ఏర్పాటు చేసుకోండి. సంగారెడ్డిలో ఉన్నవారు, పటాన్‌చెరులో ఉన్నవారు, లింగంపల్లిలో ప్రైవేటుగా చూసేవారు, ఎవరైనా సరే, పేర్లు వదిలేసి కేసు గురించి, ముఖ్యంగా మీ గురించి మాట్లాడుకోండి. నోట్స్ ఆఫీసులోనే ముగించండి. పనికి వేరే సిమ్ పెట్టుకోండి, సాయంత్రం ఆపేయండి, ఆ వేళల్లో పిలవాల్సిన 14416 నంబరును మీ దగ్గరికి వచ్చేవారికి ముందే ఇవ్వండి. ఒక రకం కేసు మీ సొంత గాయాన్ని తాకుతుంటే దాన్ని ఇంకొకరికి అప్పగించండి. అది చేతకానితనం కాదు, వృత్తి ధర్మం. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా, మద్యమో నిద్రమాత్రో లేకుండా రాత్రి గడవకపోయినా వెంటనే డాక్టరును కలవండి. మీ దగ్గరికి వచ్చేవారికి మీరు ఏం చెబుతారో అదే మీకూ వర్తిస్తుంది. 14416 మీరూ చేయవచ్చు.

ఇళ్ళవాళ్ళకు, ఊళ్ళవాళ్ళకు కూడా ఒక మాట. మీ ఇంట్లో కౌన్సెలర్ ఉంటే ఏం జరిగిందని గుచ్చి అడగకండి. టీ పెట్టి ఇవ్వండి, వంట ఆ పూట మీరు చేయండి. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పక్కకు పిలిచి ‘మా చెల్లెలి సంగతి ఒక్కసారి వినండి మేడం’ అనకండి. ఆమెకూ సెలవు కావాలి.

పాశమైలారంలో పేలుడు ఒక్క ఉదయంలో జరిగింది కాబట్టి దేశమంతా చూసింది. కౌన్సెలర్లు కుప్పకూలడం చప్పుడు లేకుండా జరుగుతుంది, ఒక్కొక్కరే రాజీనామా రాసి వెళ్ళిపోతారు, లేదా కుర్చీలోనే ఉండి వినడం మానేస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదం. జిల్లా అధికారులారా, యాజమాన్యాల్లారా, మీ కింద పనిచేస్తున్న కౌన్సెలర్‌ను రేపు పిలిచి, ఈ నెలలో ఎన్ని కేసులు చూశారని కాకుండా, చూసిన కేసుల గురించి మాట్లాడుకోవడానికి ఎవరున్నారని అడగండి. ఎవరూ లేరన్నది జవాబైతే, ఆ మనిషిని ఏర్పాటు చేయాల్సింది మీరే. వచ్చే ప్రమాదం దాకా ఆగితే ఆలస్యమవుతుంది.